గూడూరు మోతక్క, నలభై ఎనిమిది ప్లేట్‌లెట్లు

"ప్లేట్‌లెట్లు నలభై ఎనిమిదే ఉన్నయంటే పిల్ల దక్కుతదా అక్కా?"

అడిగినవాడు సంతోష్. ఎమ్మెస్సీ చదివి గూడూరులో ఒక ప్రైవేటు బడిలో ఫిజిక్స్ చెబుతున్నాడు. తండ్రయి తొమ్మిది నెలలు. ఈ తొమ్మిది నెలల్లో పిల్ల తుమ్మితే దవాఖానకు పరుగెత్తాడు, రెండు రోజులు తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదో అడగడానికి పరుగెత్తాడు.

అడిగింది మోతీబాయిని. బస్టాండు ఎదురుగా రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, లామినేషన్ మిషను పెట్టుకుని ఇంటర్నెట్ సెంటర్ నడుపుతుంది. ఊరంతా మోతక్క అంటారు. అప్పుడు ఆమె ఎవరిదో ఆధార్ కార్డు అంచులు కత్తిరిస్తోంది. కత్తెర ఆపకుండానే స్టూలు చూపించింది. ఏడుపు మొహంతో వచ్చిన వాళ్లను ముందు కూర్చోబెట్టడం ఆమె పద్ధతి.

పిల్ల నీలికి మూడు రోజులుగా జ్వరం. డాక్టరు రక్తపరీక్ష రాశాడు. ల్యాబు వాళ్లు రిపోర్టు లింకును ఫోనుకు పంపారు. తెరిచి చూస్తే తెల్లకణాలు మూడు లక్షల పదివేలు, లక్షన్నరకు పైగా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు నలభై ఎనిమిది. ల్యాబులో ఫోను ఎత్తరు, డాక్టరు ఐదు దాటితే గాని రాడు. సంతోష్ ఫోనును అడ్డంగా తిప్పాడు, ఆపి మళ్లీ వేశాడు, హిస్టరీ చెరిపాడు, డెస్క్‌టాప్ సైటు అన్నచోట టిక్కు పెట్టాడు. ఇవన్నీ రెండు నిమిషాల్లో అయిపోయాయి. ఆ తర్వాత చదువుకున్నవాడు గనక మూడుసార్లు రీడింగు తీసి సగటు కట్టాడు. సగటు కూడా నలభై ఎనిమిదే వచ్చింది. ఇక ఆగలేక గోప్యా ఆటో మాట్లాడాడు. భార్య సరోజనూ పిల్లనూ తండ్రి ముత్తయ్యనూ ఎక్కించుకుని మహబూబాబాద్ పెద్ద దవాఖానకు బయలుదేరాడు. రిపోర్టు ప్రింటు చేతిలో ఉంటే మంచిదని దారిలో ఇక్కడ దిగాడు.

మోతక్క గుమ్మంలోంచి ఆటో వైపు చూసింది. నీలి తాత మీసం పట్టుకుని గుంజుతోంది. దొరికిన వెంట్రుక కేసి చూసి నవ్వుతోంది.

పిల్ల హుషారుగానే ఉంది కదా అని ఆమె అంటే, రక్తం సంగతి బయటికి కనబడదని చెప్పి సంతోష్ రక్తకణాల పాఠం ఎత్తుకున్నాడు. పాఠం ఎర్రకణాల దగ్గర ఉండగానే ఆమె ఫోను అందుకుంది.

"హిమోగ్లోబిన్ ఎంతుండాలె తమ్మీ?"

"పది, పన్నెండు గ్రాములు."

"ఈడ తొమ్మిది వేల ఎనిమిది వందలున్నది."

సంతోష్ వంగి చూశాడు. వంద మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు పది కిలోలు. పిల్ల మొత్తం తూగితే ఎనిమిది కిలోలు. యూనిట్లు సరిగా రాయలేదని పిల్లలకు మార్కులు కోసే మనిషి ఆ వరుస వంక చూడనేలేదు.

మోతక్క అదే లింకును తన కంప్యూటర్లో తెరిచింది. హిమోగ్లోబిన్ పదిన్నర, తెల్లకణాలు తొమ్మిది వేల ఎనిమిది వందలు, ప్లేట్‌లెట్లు మూడు లక్షల పదివేలు. ఆ నలభై ఎనిమిది కింది వరుసలోని లింఫోసైట్లనే ఒక రకం తెల్లకణాల శాతం. ఇంకొకడైతే దండం పెట్టి ఆటో ఎక్కేవాడు. సంతోష్‌కు మాత్రం భయం రెండింతలైంది. రెండు రిపోర్టుల్లో ఏది నిజం? తప్పు చూపించేది కంప్యూటరే అయితే?

"నువ్వు ఏమేం జేసినవ్?" అని ఆమె అడిగింది. అతను వరుసగా చెప్పాడు.

"నువ్వు మా బాపు లెక్కనే ఉన్నవ్" అంది మోతక్క.

వాళ్లది అడవి అంచున తండా. ఇంటర్ దాకా చదువుకుంటూనే మిర్చి ఏరడానికి పోయేది. ఒక ఏడు చేనుకు ఆకు ముడత వచ్చింది. తండ్రి నాలుగు మందులు ఒకే పంపులో కలిపి కొట్టాడు. చేను తేరుకుంది. తండా అంతా మెచ్చుకుంది. మరుసటి ఏడు మళ్లీ ముడత వస్తే, నాలుగింట్లో ఏది పనిచేసిందో తెలియక ఆయన గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. మోతక్క అది మరవలేదు. మహబూబాబాద్‌లో మూడు నెలలు కంప్యూటర్ నేర్చుకున్నప్పుడు మిగతా వాళ్లు ఏది పాడైనా అన్ని మీటలూ నొక్కేవారు. ఆమె ఒకటి నొక్కి చేతులు కట్టుకుని కూర్చునేది. పది నిమిషాల పని అరగంట చేస్తుందని నవ్వేవారు. ఇప్పుడు ఆ నవ్విన వాళ్ల ప్రింటర్లు కూడా బాగుకు ఆమె దగ్గరికే వస్తాయి.

మోతక్క అదే లింకును ఈసారి సంతోష్ ఫోనులోనే వేరే బ్రౌజర్‌లో తెరిచింది. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. అంటే కంప్యూటర్‌ది తప్పు కాదు, రిపోర్టూ మంచిదే. రోజూ వాడే ఆ ఒక్క బ్రౌజర్‌లోనే తేడా ఉంది. సంతోష్ స్టూలు మీద కొంచెం వెనక్కి జరిగాడు.

తర్వాత ఆ బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ టిక్కు తీసింది. ఆగింది. మార్పు లేదు. సెట్టింగుల్లో అక్షరాల సైజు చూస్తే రెండు వందల శాతం ఉంది. వందకు దించింది, మళ్లీ ఆగింది. అంతవరకు అక్షరాలు ఉబ్బడంతో పేర్ల పైనున్న శీర్షిక రెండు వరుసలై, పేర్లన్నీ ఒక వరుస కిందికి జారిపోయాయి, అంకెలు మాత్రం పైనే నిలబడ్డాయి. అందుకే ప్రతి పేరు పక్కనా కింది వరుస అంకె కూర్చుంది. ఇప్పుడు పేర్లు సర్దుకుని పైకొచ్చాయి, బెల్లు కొట్టాక పిల్లలు ఎవరి బెంచీకి వాళ్లు చేరినట్టు.

"అక్షరాలు ఎవలు పెంచిన్రు?"

"ఎవ్వలం ఏం మార్చలేదక్కా."

"నా దగ్గరికొచ్చినోళ్లందరు గదే అంటరు." ఆమె ఆటో దాకా పోయి ముత్తయ్యను అడిగింది.

ముత్తయ్య తడుముకోలేదు. "నేనే పెంచిన బిడ్డా. మిర్చి రేటు అవుపడ్తలేదు. అక్షరాలైతే పెద్దగైనయి గని, రేటు గంతనే ఉన్నది."

సరోజ అప్పటిదాకా గట్టిగా పట్టుకున్న పిల్లను వదులుగా ఎత్తుకుని, మొగుడి వైపు చూసింది. ఆ చూపు గురించి సంతోష్ ఇప్పటికీ ఎవరికీ చెప్పడు. ఆటో మహబూబాబాద్‌కు పోలేదు. ఐదింటికి డాక్టరు రిపోర్టు చూసి, మామూలు వైరల్ జ్వరమే, తగ్గిపోతుందన్నాడు. రెండు రోజుల్లో తగ్గింది.

ఇదివరకు పిల్ల ఏడిస్తే సంతోష్ ఫ్యాను పెంచి, గిలక్కాయ ఊపి, పాల సీసా నోట్లో పెట్టి, భుజాన వేసుకుని ఎగిరేవాడు. అన్నీ ఒకేసారి. పిల్ల ఊరుకున్నా దేనికి ఊరుకుందో తెలిసేది కాదు. ఇప్పుడు ఫ్యాను ఒక్కటి పెంచి, చేతులు కట్టుకుని నిలబడుతున్నాడు.

"పిల్ల ఏడుస్తుంటే గట్ల నిలబడ్డవేంది?" అని సరోజ కసిరితే, మోతక్క ఆ రోజు ఫోను చేతికిస్తూ చెప్పిన మాటే చెబుతాడు.

"ఒక్కటి మార్చినంక జర ఆగాలె. ఆగుడు గూడ పనే."