రోజు చెప్పే మనిషి

మొదట ఒక అబద్ధాన్ని సరిచేయాలి. ఇంగ్లండులోని ఈ న్యూకాసిల్ తెలుగువాళ్ళలో కొందరు చెప్పుకుంటున్నట్టు నేను ఇల్లు అమ్ముకుని లండన్ స్టాన్‌మోర్‌లోని మా అమ్మాయి ఇంటికి చేరడం లేదు. నా మోకాళ్ళు పనిచేస్తూనే ఉన్నాయి, మతీ నిలకడగానే ఉంది. నిజంగా జరిగింది వేరు. మా పక్కింటి జపాన్ ఆవిడ ఆగస్టు చివర్లో, తన మంచం మీద, భర్త కాచి ఇచ్చిన జావ రెండు చెంచాలు తాగి, ఉప్పు తక్కువైందని చెప్పి, కన్నుమూసింది.

వినాయక చవితి నాడు చంద్రుణ్ణి చూసినవాళ్ళు నీలాపనిందల పాలవుతారని మన నమ్మకం. ఈ ఏడాది నేను చూశాను. కిటికీ తెర తొలగించి, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాను. వారం తిరక్కుండా ఈ పుకారు పుట్టింది. కాబట్టి నాకు ఎవరి మీదా కోపం లేదు. ఆ చంద్రుణ్ణి ఎందుకు చూశానో చెబితే ఆవిడ ఎవరో మీకు తెలుస్తుంది.

ఆవిడ భర్త ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా వచ్చారు. కొద్దికాలం ఉండి వెళ్ళిపోదామని వచ్చిన ఆ దంపతులు, ఆయన రిటైరయ్యాక కూడా తిరిగి వెళ్ళలేదు. నేను గుంటూరులో బి.ఎస్సీ. చదివి, ఇక్కడి ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని. మా రెండిళ్ళకూ మధ్య గోడ ఒకటే, వెనక తోటల మధ్య చెక్క కంచె ఒకటే. ఆవిడ ఇంగ్లీషు నేర్చుకున్నది మా వీధి బస్టాపులో. అందుకే ఇక్కడివాళ్ళలాగే అందరినీ ముద్దుగా ‘పెట్’ అని పిలిచేది. జపాన్ యాసలో ఆ పిలుపు వింటే బస్సు డ్రైవర్లు నవ్వేవారు. ఆ నవ్వును తనకు దక్కవలసిన మర్యాదగానే ఆవిడ స్వీకరించేది.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉండేది. పండుగ ఏ రోజో చెప్పడం ఆవిడ వంతు, వండడం ఆయన వంతు. పండుగలంటే పెద్ద పండుగలు అనుకోకండి. చలి విరిగే రోజు, చెర్రీ పూలు రాలడం మొదలైన రోజు, చల్లటి నూడుల్స్ తినదగినంత ఎండ కాసిన రోజు. న్యూకాసిల్‌లో ఈ చివరిది కొన్నేళ్ళు రానే రాదు. క్యాలెండరులోని తేదీని ఆవిడ చూసేది గాని, దాన్ని పూర్తిగా నమ్మేది కాదు. తోటలోకి వెళ్ళి, గాలిలోకి మొహం ఎత్తి, తిరిగొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి “ఈరోజే” అనేది. ఆయన మారు మాట్లాడకుండా ఏప్రన్ కట్టుకునేవారు. ఆవిడ చెప్పకముందు ఆయన పండుగ వంటకు పొయ్యి వెలిగించగా నేను చూసి ఎరగను.

వాళ్ళు వచ్చిన తొలి సెప్టెంబరులో చవితి ఉండ్రాళ్ళు పట్టుకెళ్ళాను. తెల్లగా, గుండ్రంగా, గోపురంలా పేర్చిన ఆ బియ్యపు ఉండలను చూసి ఆవిడ చప్పట్లు కొట్టింది. శరత్కాలపు నిండు చంద్రుడికి వాళ్ళ దేశంలో పెట్టే ఉండలు అచ్చం అలాగే ఉంటాయట.

“పది రోజులు ముందే తెచ్చేశావు పెట్! అయినా ఫర్వాలేదు, రా, చూద్దాం” అంటూ నా చేయి పట్టుకుని తోటలోకి లాక్కెళ్ళింది. పడమటి ఇళ్ళ కప్పుల మీద సన్నటి నెలవంక తేలుతోందని ఆవిడ చూపించబోతుండగానే నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను.

“ఏమైంది? కంట్లో ఏమైనా పడిందా?”

“ఈరోజు చంద్రుణ్ణి చూడకూడదు. చూస్తే చేయని తప్పు మీద పడుతుంది.”

“ఉండలు చేసుకుని చంద్రుణ్ణి చూడరా?”

“ఉండలు వినాయకుడికి. ఆయన బొజ్జను చూసి చంద్రుడు నవ్వాడు. అందుకు శిక్ష.”

“ఒక్కసారి నవ్వినందుకు ఇన్ని వేల ఏళ్ళా? పాపం. నేను చూస్తాలే అతణ్ణి. నువ్వు కళ్ళు మూసుకునే ఉండు పెట్” అని, నన్ను చేయి పట్టి గుమ్మందాకా నడిపించింది. ఆనాటి నుంచి మాకొక ఒప్పందం కుదిరింది. చవితి చంద్రుణ్ణి మా ఇద్దరి తరఫునా ఆవిడ చూసేది. పౌర్ణమి నాడు నా ఉండ్రాళ్ళూ ఆయన ఉండలూ ఒకే పళ్ళెంలో పేర్చుకుని అందరం కలిసి చూసేవాళ్ళం.

చూసేవాళ్ళం అన్నాను గాని, ఇక్కడి ఆకాశం సంగతి మీకు తెలుసు. ఒక ఏడాది గొడుగుల కింద కూర్చుని తిన్నాం. అప్పటికి మావారు ఉన్నారు. “ఇంతకీ చంద్రుడేడండీ?” అని ఆయన ఆటపట్టిస్తే, ఆవిడ నములుతూనే జవాబిచ్చింది. “పిలిచాం, వండాం, కూర్చున్నాం. రావడం అతని పని.”

మావారు పోయిన తర్వాత నా గుమ్మంలోకి గిన్నెలు రావడం మొదలైంది. పప్పు, పులిహోర, వాటి వెంట జాలి. “ఆంటీ, ఇంత ఇంట్లో ఒక్కరే ఎలా ఉంటారండీ?” అని వచ్చిన ప్రతివాళ్ళూ అడిగేవారు. కూర తిని గిన్నె కడిగి ఇవ్వగలను. జాలిని ఎలా తిరిగి ఇవ్వాలో నాకు తెలియలేదు. కొన్నాళ్ళకు తలుపు తీయడమే మానేశాను. జనవరిలో ఒక ఉదయం వెనక కంచె మీద ఎవరో చెంచాతో కొడుతున్న చప్పుడైంది. వెళ్ళి చూస్తే ఆవిడ.

“ఈరోజే. ఏడు ఆకుల జావ. మా ఆయన ముగ్గురికి కాచేశాడు, ఇక్కడ చూస్తే ఇద్దరమే ఉన్నాం.”

“నాకు ఆకలిగా లేదు.”

“ఆకలి గురించి నేను అడగలేదు పెట్. రోజు చెప్పాను.”

వెళ్ళాను. కొత్త ఏడాది మొదట్లో వాళ్ళు ఏడు రకాల లేత ఆకులు వేసి జావ కాచుకుంటారు. ఆ ఆకులు ఇక్కడ దొరకవు గనక, ఆయన సూపర్‌మార్కెట్టులో దొరికినవి నాలుగు వేసి, తక్కినవి ఉన్నాయనుకోమన్నారు. నాకు అలా అనుకోవడం చేతకాదు. ఇంటికి వెళ్ళి ఫ్రిజ్‌లోని మెంతికూర తెచ్చి వేశాను. ఆయన రుచి చూసి, కనుబొమలు ఎత్తి, ఇంకో గిన్నెడు పోసుకున్నారు. ఆ పూట వాళ్ళు నన్ను ఓదార్చలేదు. అయిదో ఆకు తెచ్చిన మనిషిగా చూశారు. ఎంతోకాలం తర్వాత ఇంటికి తల ఎత్తుకుని వచ్చాను. ఆపైన ఇన్నేళ్ళలో “ఒంటరిగా ఉన్నావు, రా” అన్న మాట ఆవిడ నోట వినలేదు. “ఈరోజే” అనేది, అంతే.

ఆవిడ దేనికీ తొణికే మనిషి కాదు. ఫిబ్రవరిలో చలి విరిగే రోజున వేయించిన సోయా గింజలను గుమ్మంలోంచి బయటికి విసురుతూ, చెడును పొమ్మనీ మంచిని రమ్మనీ వాళ్ళు గట్టిగా అరుస్తారు. ఒకసారి సరిగ్గా పొమ్మనే సమయానికి పోస్ట్‌మ్యాన్ గేటు తీశాడు. గుప్పెడు గింజలు అతని గుండెల మీద పడ్డాయి. అతను కొయ్యబారి నిలబడ్డాడు.

“ఏం తెచ్చావు?” అని అడిగింది ఆవిడ.

“గ్యాస్ బిల్లు.”

“అయితే గింజలు సరిగ్గానే తగిలాయి. బిల్లు అక్కడ పెట్టి నువ్వు లోపలికి రా పెట్, టీ తాగుదువు గాని.”

అటువంటి మనిషి పోయాక గోడ అవతల టోస్టర్ చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. ముగ్గురికి జావ కాచిన పెద్దమనిషి పూటపూటా రొట్టెముక్క తిని పడుకుంటున్నారు. ఒకరోజు ఆయనకు పప్పు పట్టుకెళ్దామని గిన్నెలోకి తీసి, మళ్ళీ వెనక్కి వంచేశాను. ఆ గిన్నెతో పాటు ఏం వెళుతుందో నాకు తెలుసు.

ఇంతలో చవితి వచ్చింది. సాయంత్రం అలవాటు ప్రకారం కిటికీ తెర వేయబోయి ఆగిపోయాను. మా ఇద్దరి తరఫునా చూసే మనిషి ఇక లేదు. ఆ వంతు నాకు వచ్చింది. అందుకే తెర తీసి చూశాను. చంద్రుడు బక్కచిక్కి, బుద్ధిగా, నవ్వకుండానే ఉన్నాడు.

ఆ వారమే మా అమ్మాయి ఫోన్ చేసింది. “అమ్మా, ఇప్పుడు ఆ ఆంటీ కూడా లేరు. ఇంక అక్కడ నీకెవరున్నారు చెప్పు? ఇక్కడ గ్రౌండ్ ఫ్లోర్‌లో నీ రూమ్ రెడీ. జస్ట్ హౌస్ వాల్యుయేషన్‌కి ఒక ఏజెంట్‌ని బుక్ చేశాను, ఓకే?”

ప్రేమతోనే చేసింది, అడగకుండా చేసింది. ఆ సంగతి ఇక్కడున్న తన స్నేహితురాలికి చెప్పింది. స్నేహితురాలు ఊరికి చెప్పింది. నా వీడ్కోలు విందులో గుత్తివంకాయ ఉండాలా, బగారా రైస్ ఉండాలా అన్న చర్చ కూడా జరిగిందని విన్నాను.

ఏజెంట్ వస్తానన్నది భాద్రపద పౌర్ణమి మధ్యాహ్నం. ఆ ఉదయం నేను తోటలోకి వెళ్ళి, ఆవిడలాగే గాలిలోకి మొహం ఎత్తాను. మబ్బు, సన్నటి తుంపర. లోపలికి వచ్చి ఏజెంటుకు ఫోన్ చేసి రావద్దన్నాను. తర్వాత చెంచా తీసుకుని వెళ్ళి కంచె మీద కొట్టాను.

ఆయన వచ్చారు. గడ్డం గీసుకోలేదు, చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి.

“ఈరోజే” అన్నాను.

ఆయన ఆకాశం కేసి చూశారు. “చంద్రుడు రాడు.”

“రావడం అతని పని.”

ఆ మాట ఎవరిదో ఆయనకు తెలుసు. కంచె పలక మీద చేయి వేశారు. “పిండి లేదు” అన్నారు.

“నా దగ్గర ఉంది.”

“మీ పిండితో పనికాదు. మీ ఉండలు గట్టిగా ఉంటాయి.” ఇన్నేళ్ళూ మర్యాదకు దాచుకున్న మాట అది.

“మీవి పళ్ళకు అంటుకుంటాయి. అయినా నేను తినడం లేదూ?”

ఆయన గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళారు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. వంటింటి కిటికీలో దీపం వెలిగింది. ఆయన ఏప్రన్ ముడి వేసుకుంటున్నారు.

ఆ సాయంత్రం గొడుగుల కింద కూర్చుని ఉండగా మా అమ్మాయి నుంచి ఫోన్ వచ్చింది.

“అమ్మా, ఏజెంట్ ఏమన్నాడు?”

“రావద్దని చెప్పాను.”

“వాట్! ఎవరిని అడిగి?”

“నన్ను అడిగాను. ఒప్పుకున్నాను.”

“అమ్మా, ప్లీజ్... అసలు ఎక్కడున్నావు? ఏంటా చప్పుడు?”

“గొడుగు మీద వాన. చంద్రుణ్ణి చూస్తున్నాం, తర్వాత మాట్లాడతాను.”

కంచె మీదుగా పళ్ళెం అందించాలంటే నా భుజం ఈమధ్య మొరాయిస్తోంది. నాకు వయసు మీద పడిందన్న ఆ ఒక్క సంగతీ నిజమే. అందుకని వడ్రంగికి కబురు పెట్టి అడ్వాన్సు కూడా ఇచ్చేశాను. కంచె నాది, దానికి ఒక గేటు వేయిస్తున్నాను. గొళ్ళెం మాత్రం ఆయన వైపే పెట్టమన్నాను, తీయడం ఆయన ఇష్టం. చలి విరిగే రోజుకు ఆయన గింజలు వేయించాలి. అది ఏ రోజో నేను చెబుతాను.