తిట్టకుండా సాగనంపడం

మా మేనత్త జాకెట్లు కుడుతుంది. కొలతలు తీసుకుంటూ కూడా ఎదుటి మనిషిని నాలుగు మాటలు అనకుండా వదలదు. మా వాళ్లలో ఎవరు పోయినా తలాపున కూర్చుని తిట్టేది ఆవిడే. "మందులేసుకోమంటే విన్నావా? నీ మొండితనం నీదే" అని మొదలుపెట్టిందంటే, అప్పటిదాకా బిగుసుకుపోయి నిలబడ్డవాళ్లంతా భోరుమనేవాళ్లు. మాకు ఏడుపు అలాగే వచ్చేది, వేరే దారి తెలియదు.

ఈసారి పోయింది ఆవిడ తమ్ముడు, మా చిన్నాన్న. ఆయన కొడుకు సాగనంపే ఏర్పాట్లన్నీ ఒక ఈవెంట్ కంపెనీకి అప్పజెప్పాడు. హాలు నిండా తెల్ల కుర్చీలు, ముందు మూత తీసిన పెట్టెలో చిన్నాన్న, పెద్ద తెర మీద ఆయన నవ్వుతున్న ఫొటోలు, వెనక సన్నగా వయొలిన్. కంపెనీ మేనేజరు టై సర్దుకుంటూ, వచ్చినవాళ్లకు మంచినీళ్ల సీసాలతో పాటు సలహాలు కూడా పంచుతున్నాడు.

"ఇది సంతాపసభ కాదండీ, ఆయన జీవితాన్ని వేడుకగా గుర్తు చేసుకోవడం. కాస్త నవ్వు ముఖంతో మాట్లాడండి. లైవ్ వెళ్తోంది."

నాకు ఒళ్లు మండింది. పోయిన మనిషి ముందు పళ్లికిలించమనడం ఏం మర్యాదో నాకు అర్థం కాలేదు.

కాసేపట్లో పెట్టె మూసేస్తారు. ఆలోగా తమ్ముణ్ణి కడుపునిండా తిట్టాలి, అత్తకు కావలసింది అదొక్కటే. ఆవిడ లేవగానే మేనేజరు అడ్డం వచ్చాడు.

"అమ్మా, మీరు చెప్పాలనుకున్నది ఇంటి దగ్గర వీడియో తీసి పంపండి. చక్కగా ఎడిట్ చేసి కలుపుతాం."

"వాడికి చేరుస్తావా?" అంది అత్త.

మేనేజరు పక్కకు తప్పుకున్నాడు. ఆవిడ కుర్చీ లాక్కుని తలాపున కూర్చుంది.

"ఏరా, గుండెలో నొప్పని నాతో చెప్పడానికి నోరు రాలేదా? చొక్కా గుండీ ఊడితే పరిగెత్తుకొచ్చేవాడివి కదా. ఇంత సంగతి దాస్తావా?"

చిన్నాన్న కొడుకు ముఖం ఎర్రబడింది. కెమెరా వైపు ఒకసారి చూసి, వంగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "అత్తా, అందరూ చూస్తున్నారు. ఇంక చాలు, లే."

"ఉండరా. మీ నాన్న మధ్యలో లేచిపోకుండా నా మాట వినడం ఇదే మొదటిసారి. నన్ను పూర్తి చెయ్యనీ."

వాడు చెయ్యి వదిలేశాడు. కుర్చీ పక్కన నేలమీద కూలబడ్డాడు.

"నాకూ చెప్పలేదత్తా," అన్నాడు.

అత్త కాస్త పక్కకు జరిగింది.

"అయితే నువ్వూ తిట్టు."