లాభం, రెండు, మూడు

దయ్యాలూ మహిమలూ నా దగ్గర చెల్లవు. మహారాష్ట్ర సరిహద్దులో తెలుగువాళ్ళుండే కుండల్‌వాడిలో జొన్నల దుకాణం నడిపిన ఇంట్లో పుట్టినదాన్ని. తక్కెడలోకి రానిదాన్ని సరుకనుకోవద్దని మా నాన్న చెప్పేవాడు. ఎవరైనా రాత్రిపూట తెల్లచీర కనిపించిందంటే, ఆ చీర ఎవరిదో ముందు కనుక్కోండి అంటాను. ఈ సంగతి చెప్పడానికి ఇన్నేళ్ళు ఆగింది కూడా అందుకే. నన్నూ అలాగే అడుగుతారని.

డెబ్భైల మొదట్లో వానలు మొహం చాటేసిన కరువు రోజులవి. మా ఆయన పనిచేసే పత్తి మిల్లు మూతపడింది. నాందేడ్‌లో ఒక చర్చి వెనక, రేకుల షెడ్డులో, శాంతాబాయి అనే మరాఠీ క్రైస్తవురాలు లేనివాళ్ళకు ఒకపూట తిండి పెట్టేది. ఆమె రిటైరైన నర్సు. నేను అక్కడ వంటకు కుదిరాను. మాది మడీ పూజా ఉన్న ఇల్లు. మా అత్తగారు కొన్నాళ్ళు మూతి ముడుచుకుంది కానీ, నేను కొంగున కట్టుకొచ్చే గింజలు ఉడికిన వాసనకు మెత్తబడింది.

బాయి ఎవరినీ చేయి చాచి అడిగేది కాదు. గింజలుంటే వండించేది, లేకపోతే ప్రార్థన చేసేది. ఎవరో ఒకరు బండి మీద బస్తా తెచ్చి దించిపోయేవారు. అందులో నాకు వింతేమీ కనిపించలేదు. ఊళ్ళో దయగలవాళ్ళు ఉంటారు, బాయి అవస్థ చూసి ఇస్తారు అనుకునేదాన్ని.

నా ధ్యాస మాత్రం అప్పట్లో అమ్మ మీదే ఉండేది. అంతకు రెండేళ్ళ ముందు అమ్మ పోయినప్పుడు నేను అత్తగారింట్లో పురిట్లో ఉన్నాను. చివరిచూపు దక్కలేదు. నిజం చెప్పాలంటే చూపు కంటే గొంతు కావాలనిపించేది. దుకాణంలో మానికతో గింజలు కొలిచేటప్పుడు అమ్మ ఒకటి అనేది కాదు, లాభం అనేది. లాభం, రెండు, మూడు. కొలిచినప్పుడల్లా మానిక అంచు మీద ఉంగరంతో టక్కున కొట్టేది. అంతా అయ్యాక ఇంకో దోసెడు పోసి "కొసరు" అనేది. నాన్న గొణిగినా వినేది కాదు. కొంచెం బొంగురు గొంతు. అది ఎలా ఉండేదో రోజురోజుకూ మరిచిపోతున్నానని భయం పట్టుకుంది నాకు.

అమ్మ నేర్పిన మాటే ఆ రోజు చిక్కు తెచ్చిపెట్టింది. ఇంట్లో గింజలు అయిపోతే లేవు అని నోటితో అనకూడదు, నిండుకున్నాయి అనాలి. ఒక పొద్దున గింజల కొఠీ మూత తీసి, ఆ రేకు పీపా అడుగంటా ఊడ్చి చూసి, బాయితో అదే అన్నాను.

"జొన్నలు నిండుకున్నయి బాయీ."

బాయి రెండు చేతులూ జోడించి "దేవాచీ కృపా!" అంది, దేవుడి దయ అని. రోజూ ఉండే భక్తే కదా అని నేను పట్టించుకోలేదు. గదికి తాళం వేసి చెవి బొడ్లో దోపుకున్నాను. ఆ గదికి ఒకటే తలుపు. తాళానికి ఒకటే చెవి.

మధ్యాహ్నం చూస్తే, ముఖేడ్ వైపు నుంచి కరువు పనికి వచ్చి రోడ్డు మీద కంకర కొట్టే ఆడవాళ్ళంతా పిల్లలతో సహా షెడ్డులో బారులు తీరి కూర్చున్నారు. కబురు పంపింది బాయే.

"ఎసరు పెట్టలేదేంది రాజమణీ?"

"ఏం వండాలె బాయీ? నిండుకున్నయని పొద్దుగాలనే చెప్పిన గదా."

"నిండినయన్నవనే గదా అందర్ని పిలిపిచ్చిన!"

బాయిది ఆస్పత్రిలో రోగుల దగ్గర నేర్చుకున్న తెలుగు. నొప్పి ఎక్కడ, జ్వరం తగ్గిందా, కడుపు నిండిందా అని చక్కగా అడిగేది. నిండుకోవడం అనే మాట మాత్రం ఆమె చెవిన ఎన్నడూ పడలేదు. సంగతి తెలిశాక ఆమె మొహం పాలిపోయింది. అవతల ఒక పసిపిల్ల పళ్ళెం మీద చేత్తో కొడుతూ ఆడుకుంటోంది. బాయి కాసేపు ఆ పిల్లనే చూసింది.

"ఎసరు పెట్టు. పిలిచినంక లేసి పొమ్మంటె ఎట్ల?" అని అక్కడే మోకాళ్ళ మీద కూర్చుంది.

నాకు ఒళ్ళు మండింది. వట్టి వేడినీళ్ళు ఎవరు తాగుతారని సణుక్కుంటూ పొయ్యి అంటించాను. పొయ్యి ఉన్నది గింజల గది గోడ పక్కనే. నీళ్ళు కాగుతుండగా గోడ అవతల గింజలు జారిన చప్పుడైంది. వెంటనే టక్కుమన్న ఉంగరం చప్పుడు.

"లాభం."

మా అమ్మ గొంతు. అదే బొంగురు.

"రెండు." మళ్ళీ గింజలు, మళ్ళీ ఉంగరం. "మూడు."

చెవి నా బొడ్లోనే ఉంది. నేను తలుపు తీయలేదు. తీస్తే ఆగిపోతుందని అనిపించింది. అవతల అంతమంది ఆకలితో కూర్చున్నారని తెలుసు. అయినా గోడకు చెంప ఆనించి నిలబడ్డాను. ఇంకా కొలవాలి, ఆ పీపా ఎప్పటికీ నిండకూడదు అనుకున్నాను. కన్నీళ్ళు కారిపోతున్నాయి. ఎంతసేపో చెప్పలేను. చివరికి "కొసరు" అని వినిపించింది. ఆ తర్వాత ఏమీ లేదు.

అప్పుడు తాళం తీశాను. గదిలో ఎవరూ లేరు. కొఠీ మూతి దాకా జొన్నలు, పైన గోపురంలా ఇంకాస్త. ఆ ఏడు బజారులో దొరికినవన్నీ ఓడల్లో వచ్చిన ఎర్ర జొన్నలు. ఇవి తెల్లవి, మా వైపువి. పురుగు పట్టకుండా ఎండు వేపాకు కలిపి ఉంది, అమ్మ కలిపినట్టే. కంకర కొట్టే ఆడవాళ్ళే వంతులవారీగా విసుర్రాయి తిప్పారు. ఆ రవ్వతో గటక వండాం. అందరూ కడుపునిండా తిన్నారు.

తర్వాత నేను మోంఢా గింజల మార్కెట్లో దుకాణం దుకాణం తిరిగి అడిగాను. చర్చిలోనూ అడిగాను. పంపామన్నవాళ్ళు లేరు. బాయిని అడిగితే, గింజలు పోస్తున్న చప్పుడు తనూ విన్నదట, నేనే పోస్తున్నాననుకుందట. మాటలు మాత్రం వినలేదంది.

"ప్రభువు పంపిండు," అంది.

"ప్రభువుకు మా దుకాణం లెక్క ఎట్ల తెలుస్తది బాయీ?"

బాయి నవ్వింది. "మీ అమ్మను పనిల పెట్టుకున్నడేమో."

ఆ తర్వాత ఎన్నోసార్లు కొఠీ ఖాళీ అయింది. బాయి ప్రార్థన చేసేది, గింజలు వచ్చేవి, కానీ బండి మీదే వచ్చేవి. గింజలు తరిగిపోతుంటే అందరూ దిగులుపడేవారు, నేను మాత్రం లోలోపల ఆశపడేదాన్ని. పాపమే, ఏం చేయను!

బాయి పోయింది. ఆ షెడ్డూ లేదు. నేను ముసలిదాన్నయ్యాను, తిండికి లోటు లేదు. ఇంట్లో డబ్బా నిండుకున్న రోజున కోడలు సంచి పట్టుకుని బజారుకు వెళ్తుంది. తను తిరిగొచ్చేలోపు నేను వంటింట్లో ఫ్యాన్ ఆపేసి, ఆ డబ్బా పక్కన కూర్చుంటాను.