కరెంటక్క లైసెన్సు

బజారులో ఆమెను అందరూ కరెంటక్క అనే పిలిచేవారు. పిలిచేవారన్న మాటేగానీ పని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పేవారు కాదు. నిచ్చెన భుజాన వేసుకుని ఏ షాపు మెట్లెక్కినా ముందు ఎదురయ్యేది ఒకటే ప్రశ్న: "మీ అన్నయ్య రాలేదా?" వస్తున్నాడని చెప్పి, వాళ్ల ముఖం కుదుటపడ్డాక పని మొదలుపెట్టేది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోవడం కూడా మానేసింది. కోపానికీ ఓపిక కావాలి కదా.

అన్నాచెల్లెళ్లిద్దరికీ పని నేర్పింది తండ్రే. ఆయన వైర్‌మన్. అన్నయ్య చేతిలో పనితనం ఉంది. గోడలో పైపు వేశాడంటే గీత గీసినట్టు ఉంటుంది. కాకపోతే లైసెన్సు పరీక్షలో రాతపనికి వచ్చేసరికి చెమటలు పట్టేవి. రెండుసార్లు తప్పాడు. మూడోసారి, "ఈసారి నీ పేరనే నువ్వు రాయవే, నీకు రాత బాగుంటుంది" అని చెల్లెల్ని కూర్చోబెట్టాడు. ఆమె రాసింది, ప్రాక్టికల్ కూడా చేసింది, నెగ్గింది. కాంట్రాక్టరు లైసెన్సు ఆమె పేర వచ్చింది. షాపు బోర్డు మాత్రం అన్నయ్య పేరే. ఎవరైనా అడిగితే "మా లైసెన్సే" అనేవాడు. ఆ 'మా'లో తన వాటా ఎంతో ఆమె ఎన్నడూ లెక్కతీయలేదు. ఆయన పనులు పట్టేవాడు, ఇద్దరూ చేసేవారు, చివర పని సరిగ్గా ఉందన్న కాగితం మీద ఆమె సంతకం పెట్టేది. రోజులు వెళ్లిపోయాయి. ఆమె మోకాళ్లూ, కుడి భుజమూ వాటితో పాటే అరిగాయి.

గొడవ బట్టల షాపు దగ్గర మొదలైంది. బజారు మలుపులో రెండంతస్తుల షాపు. తెల్లారితే ఓపెనింగ్. కింద అద్దాలు తుడుస్తున్నారు, పైన బొమ్మలకు బట్టలు తొడుగుతున్నారు. అన్నయ్య పై అంతస్తు పని తానొక్కడే చేసుకున్నాడు, ఎందుకంటే ఆ వారమంతా ఆమె భుజం లేవలేదు. సంతకం పెట్టే ముందు ఒకసారి చూసుకుందామని టెస్టరుతో ఒక్కో ప్లగ్గూ చూసుకుంటూ వెళ్లింది. మెట్ల దగ్గరి దాకా బాగానే ఉంది. ఆ తర్వాత దేనికీ ఎర్త్ లేదు. బాక్సు విప్పి చూస్తే, షాకు కొట్టకుండా కాపాడే ఎర్త్ వైరును అక్కడే కత్తిరించి, మడిచి లోపల కుక్కి ఉంది.

అన్నయ్యను పక్కకు పిలిచింది.

"వైరు అయిపోయిందే," అన్నాడాయన గొంతు తగ్గించి. "కొట్టు మూసేశారు. తాపీవాడేమో సిమెంటు కలిపేసి కూర్చున్నాడు. ఏం చేయమంటావ్?"

"నాకు ఫోన్ చెయ్యాల్సింది."

"చేస్తే? నువ్వొచ్చి పీకేదేముంది? ముందు సంతకం పెట్టు. ఓపెనింగ్ అవ్వనీ, తర్వాత చూసుకుందాం."

"తర్వాత గోడ ఎవరు కొట్టనిస్తారన్నయ్యా? రంగులేసేశారు."

షాపు యజమాని అటుగా వచ్చి ఏమైందని అడిగాడు. అన్నయ్య నవ్వేశాడు. "ఏం లేదండీ, మా చెల్లెలికి భయం కాస్త ఎక్కువ. ఆడది కదా."

ఆ మాట కొత్తదేం కాదు. ఎన్నో షాపుల్లో ఎందరి ముందో అన్నాడు. ఆ రోజెందుకో చెవిలోంచి కిందికి దిగి ఎక్కడో గుచ్చుకుంది. యజమాని వైపు తిరిగి, "పైన ఎర్త్ లేదండీ. అది వేస్తేగానీ నేను సంతకం పెట్టను. ఇప్పుడే వేస్తాను, సాయంత్రానికి అయిపోతుంది," అంది. యజమాని అన్నయ్య ముఖంలోకి చూశాడు. అన్నయ్య నిచ్చెన అక్కడే వదిలేసి బయటికి నడిచాడు.

గోడ మళ్లీ కొట్టకుండా, కింది అంచు వెంట బయటి నుంచే పైపు వేయాలని నిశ్చయించుకుంది. ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. వదినకు ఫోన్ చేసింది. వదిన ఇంట్లో ఉన్న చీరతోనే వచ్చి, పైపు పట్టుకుని నేలమీద చతికిలబడింది. "మీ అన్నయ్యకు తెలిస్తే నన్ను చంపుతాడు," అంటూనే మేకులు అందించింది. సాయంత్రానికి పని అయింది. పైపు కొంచెం వంకరగా వచ్చింది, చూడడానికి అందంగా లేదు. యజమాని మూతి ముడిచి దాని ముందు ఒక బొమ్మను జరిపించాడు. ఆమె సంతకం పెట్టింది.

అన్నయ్య మాట్లాడడం మానేశాడు. ఆపైన వారానికే తెలిసింది, ఆయన వేరే లైసెన్సు కుదుర్చుకున్నాడని. బజారు చివర టీ కొట్టులో ఒక పెద్దమనిషి కూర్చుని ఉంటాడు. అందరూ సంతకాల సారంటారు. ఏ బిల్డింగో చూడడు, ఎవరు చేశారో అడగడు, టీ చల్లారేలోపు సంతకం పెట్టి ఇస్తాడు. అన్నయ్య బోర్డు ఉన్నచోటే ఉంది. కింద లైసెన్సు నంబరొక్కటే మారింది. బజారంతా అన్నయ్య వెంటే నడిచింది. పని చేసేది ఆయనే కదా అనుకున్నారు.

ఆమెకు మిగిలింది లైసెన్సు, నిచ్చెన, బోలెడంత తీరిక. ఒకరిద్దరు కాంట్రాక్టర్లు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు.

"లైసెన్సు మాకివ్వండి మేడమ్," అన్నాడొకాయన, కుర్చీ అంచున కూర్చుని. "మీరు రానక్కర్లేదు, చూడనక్కర్లేదు. హాయిగా ఇంట్లో ఉండండి. కాగితాలు మేమే తెస్తాం."

'హాయిగా' అన్న మాట ఆమెను పట్టుకుంది. అబద్ధమెందుకు, భుజం ఆ మాటకు అప్పుడే ఒప్పేసుకుంది. మధ్యాహ్నం పూట కాళ్లు చాపుకుని కూర్చుని, ఎవరో తెచ్చిన కాగితం మీద పేరు రాయడం! రెండు రోజులు అదే ఆలోచించింది. మూడో రోజు ఆయన ఫోన్ చేస్తే, "వద్దు లెండి," అంది.

"ఏం మేడమ్, ఇంకెవరైనా అడిగారా?"

"అదేం కాదు. ఎవరి గోడలో ఏముందో తెలీకుండా నాకు నిద్ర పట్టదు. ఇప్పటికే సరిగ్గా పట్టడం లేదు."

తర్వాత మొదట పిలిచింది టైలరమ్మ. కుట్టుమిషను ముట్టుకుంటే షాకు కొడుతోందట. వెళ్లగానే ఆవిడా, "మీ అన్నయ్య రాలేదా?" అంది.

"రాడు. నేనే."

టైలరమ్మ, "పోన్లే, మొగాళ్లు లేకపోతే కుట్టాల్సిన జాకెట్లు విప్పదీసి పరుచుకోవచ్చు," అని పనిలో పడింది. ఆవిడ చెప్పగా పక్కనున్న బ్యూటీ పార్లరు, పార్లరావిడ చెప్పగా ఇంకొకరు. అన్నీ చిన్న పనులు. పెద్ద షాపుల వాళ్లు దారిలో కనిపిస్తే నమస్కారం మటుకు పెట్టేవారు.

వానలు మొదలయ్యాక ఒక హోటల్లో వంటగది స్విచ్ బోర్డు కాలింది. ఎవరికీ ఏం కాలేదు. తనిఖీకి వచ్చినవాళ్లు సంతకం ఎవరిదని ఆరా తీస్తే, సంతకాల సారు ఆ హోటల్ ఎటువైపుందో కూడా చెప్పలేకపోయాడు. ఆయన లైసెన్సు రద్దు చేశారు. హోటల్ పని అన్నయ్యది కాదు. అయినా ఆ లైసెన్సు మీద నడుస్తున్న ఆయన పనులన్నీ సగంలో ఆగిపోయాయి.

ముందు వదిన వచ్చింది. రాయబారం తీరులో కాక, కూరలు కొనుక్కుని ఇటుగా వచ్చినట్టు. "అన్నం సరిగ్గా తినట్లేదు," అంది. "నిన్ను అడగమని ఆయన చెప్పలేదమ్మా. నేనే చెప్తున్నా."

నాలుగు రోజులకు అన్నయ్యే వచ్చాడు. ఆమె పార్లరులో నిచ్చెన మీద ఉంది. వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె దిగలేదు. దిగితే ఆ మోకాళ్లతో మళ్లీ ఎక్కడం కష్టం.

"ఆ స్కూలు పని సగంలో ఉంది," అన్నాడు కిందనుంచి.

"తెలుసు."

"నీకు కుదిరితే..."

"నేను చూసేదాకా గోడ మూయకూడదు."

"సరే."

"పని ఇచ్చేవాళ్లతో నేను మాట్లాడతా. బోర్డు మీద నా పేరు రాయించు."

నిచ్చెన పట్టు సడలిందేమోనని కిందికి చూసింది. పట్టుకునే ఉన్నాడు.

"అది కష్టమే," అన్నాడు.

"కష్టమే మరి."

బోర్డు మారడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ముందు పెయింటరు దొరకలేదన్నాడు, తర్వాత వానన్నాడు. రాయించాక ఆమె పేరు ఆయన పేరుకు కింద, కాస్త చిన్న అక్షరాల్లో వచ్చింది. చూసి ఊరుకుంది. బట్టల షాపు మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదు, ఆమె అడగలేదు. స్కూలు పని కలిసి చేశారు. ఎవరైనా వచ్చి ఆయన్నే ఏదైనా అడిగితే, గడ్డంతో ఆమె వైపు చూపించేవాడు. కొన్నిసార్లు మరిచిపోయి తానే చెప్పేసేవాడు.

స్కూల్లో చివరి గది పని జరిగిన రోజున పైనుంచి కేక వేశాడు: "చూసుకోవే, మూసేస్తా!"

ఆమె మెట్ల మీద సగంలో కూర్చుండిపోయింది. "ఆగన్నయ్యా. కాసేపు కూర్చోనీ."

"సిమెంటు గట్టిపడిపోతుందే."

"గట్టిపడితే మళ్లీ కలుపుదాం."

ఆయన ఏదో గొణుక్కుంటూ తాపీ పక్కన పెట్టి, గోడకు ఆనుకుని తానూ కూర్చున్నాడు.