మామగారి చావుకి వన్స్ మోర్

ఆ రోజుల్లో కోనసీమలో గుర్రమెక్కినవాణ్ణి చూడాలంటే పెళ్ళి ఊరేగింపైనా జరగాలి, అమలాపురం హాల్లో కౌబాయ్ సినిమా అయినా ఆడాలి. ఎటు చూసినా కాలవలూ, కొబ్బరితోటలూ, మోకాలిలోతు బురదా ఉండే మాకు, ఎక్కడో వందేళ్ళ కిందటి అమెరికా ఎడారిలో దుమ్ము రేపుకుంటూ పోయే దొంగలన్నా, వాళ్ళని తరిమే షెరీఫులన్నా ఎందుకంత మోజో ఇప్పటికీ అర్థం కాదు. (గుక్కెడు నీళ్ళ కోసం వాళ్ళు కాల్చుకు చస్తుంటే, గోదావరి ముంపులో పంచె పైకెత్తి నడిచొచ్చిన మేం కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళం.) ఆ మోజు పుణ్యమా అని, పెళ్ళయి ఏడాది తిరక్కుండానే నేను మా మామగారిని నలుగురి ఎదుటా తుపాకీతో కాల్చవలసి వచ్చింది.

నేను పుట్టి పెరిగింది కోనసీమే గాని ఉద్యోగం మండపేటలో, రైసుమిల్లులో గుమాస్తాని. అత్తవారిది పి.గన్నవరం దగ్గర పల్లె. మామగారు కొబ్బరికాయల వ్యాపారి, గట్టిగా దగ్గడానిక్కూడా మొహమాటపడే పెద్దమనిషి. అలాంటాయనకి ఒక చాటుమాటు వ్యసనం ఉందని మా ఆవిడే చెప్పింది. కాయల బేరం అని ఇంట్లో చెప్పి అమలాపురం వెళ్ళి, కౌబాయ్ సినిమా మ్యాట్నీ చూసి వచ్చేవారట. కుర్రతనంలో వేషం కట్టాలని ముచ్చటపడితే వాళ్ళ నాన్నగారు ఆ ముచ్చట కాస్తా కొబ్బరిమట్టతో తీర్చేశారట. ఆ ఏడు షష్ఠి తీర్థానికి, అంటే ఊళ్ళో జరిగే జాతరకి, మా బావమరిది స్వయంగా రాసిన కౌబాయ్ నాటకం తలపెట్టాడు. కొత్తల్లుణ్ణి, పైగా బెల్టుతో సహా ప్యాంటున్నవాణ్ణి కాబట్టి షెరీఫు వేషం నాకిచ్చారు. దీపావళికి మిగిలిన రీళ్ళ తుపాకీ నా ఆయుధం. గుర్రాల డెక్కల చప్పుడుకి కొబ్బరిచిప్పలు. వాటికి మాకేం లోటు!

తీరా నాటకం రోజు పొద్దున్న దొంగల నాయకుడికి గవదబిళ్ళలు లేచాయి. బావమరిది తల పట్టుకుని అరుగు మీద కూలబడితే, లోపల్నించి మామగారు వచ్చి, "ఆ వేషం నాకు వచ్చురా. మీరు రిహార్సలు వేసుకుంటుంటే కొట్టులో కూర్చుని అంతా విన్నాను" అన్నారు మెల్లిగా.

"హవ్వ! కూతురికి పెళ్ళి చేసేక దొంగవేషమేంటండీ?" అన్నారు అత్తగారు బుగ్గలు నొక్కుకుంటూ.

ఆయన నా వైపు తిరిగి, "అల్లుడుగారూ, ఒక్కసారండి. చివర్లో గుండు తగిలేక పడిపోవడం ఉంది చూశారా, అదొక్కటి జనానికి చేసి చూపించాలండి. ఎన్నాళ్ళనించో అనుకుంటున్నాను, ఆయ్" అన్నారు. ఆ కళ్ళల్లో ఆశ చూసి బావమరిది లేచి దొంగ టోపీ తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

అల్లుడొస్తే మామగారు లేచి నిలబడే దేశం మాది. ఆ సంగతి పొద్దున్న ఎవరికీ తట్టలేదు. తెర లేచింది. దొంగ బల్ల మీద కాళ్ళు బారజాపుకుని చుట్ట కాలుస్తుంటే షెరీఫు తలుపు తన్ని లోపలికి రావాలి. నేను వచ్చీ రాగానే దొంగ చుట్ట వెనక్కి దాచి, లేచి నిలబడి, "రండి రండి" అన్నాడు. నేను "ఒరేయ్ దుర్మార్గుడా!" అనవలసింది పోయి, "పర్వాలేదు, మీరు కూర్చోండి" అన్నాను. జనం గొల్లుమన్నారు. "తిట్టండి బావగారూ, తిట్టండి!" అని తెర వెనక బావమరిది పళ్ళు నూరుతున్నాడు. నాకు చేతనైనంత కఠినంగా, "మీ ఆటలు ఇక సాగవండీ" అన్నాను.

అలా ఒకరినొకరు గౌరవించుకుంటూ చివరి ఘట్టానికి చేరాం. తుపాకీ ఎత్తాను. ముందు వరసలో అత్తగారు పుస్తెలు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నారు. పక్కనే మా ఆవిడ నాకేసి అదోలా చూస్తోంది. పొద్దున్న మామగారు కొసరి కొసరి వడ్డింపించిన పొట్టిక్కబుట్టలు, ఆ పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు, నా కడుపులో ఇంకా అరగలేదు. తుపాకీ దించేసి, "చట్టం మిమ్మల్ని క్షమించింది. వెళ్ళిపోండి మామగారూ!" అనేశాను.

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. మామగారి మొహం మాత్రం, విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి లేపేసినట్టు, చిన్నబోయింది. దగ్గరికొచ్చి, "అదేంటండి అల్లుడుగారూ! ఇంతదాకా వచ్చేక చావనివ్వకపోతే ఎలాగండీ?" అన్నారు. ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది. వాళ్ళ నాన్నగారు ఒకసారి నులిమిన ముచ్చటని, మర్యాద అనుకుని రెండోసారి నేను నులిమేస్తున్నానని అప్పుడు తెలిసింది. "క్షమించండి" అని, కళ్ళు మూసుకుని నొక్కాను. టప్‌మంది.

కళ్ళు తెరిచేసరికి మామగారు గుండె పట్టుకుని ఉన్నారు. వేళ్ళకేసి ఆశ్చర్యంగా చూసుకున్నారు. పందిరి రాటని కావలించుకుని జారి, లేవబోయి, మోకాళ్ళ మీద కూలి, ఎవరినో క్షమించినట్టు నవ్వి, నెమ్మదిగా ఒరిగిపోయారు. తీర్థంలో బూరలు ఊదే పిల్లలు కూడా నోరు మూశారు. ఆ నిశ్శబ్దంలోంచి ఎవరో "వన్స్ మోర్!" అని అరిచారు. బాగా పాడిన పద్యానికి వన్స్ మోర్ కొట్టడం మాకు మామూలే గాని, చావుకి కొట్టడం అదే మొదలు. మామగారు లేచి, దుమ్ము దులుపుకుని, జనానికి నమస్కారం పెట్టి, "కానివ్వండి" అన్నారు నాతో. ఈసారి కళ్ళు తెరుచుకునే నొక్కాను.

ఇంటికొచ్చాక ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తూ అత్తగారు, "ఈసారి కాయల బేరానికి వెళ్ళేటప్పుడు నన్నూ తీసుకెళ్ళండి. మీరు నేర్చుకున్న చావులేంటో నేనూ చూస్తాను" అన్నారు. ఆయన కంగారుపడి నా వైపు తిరిగి, గుసగుసగా, "మొదటి చావు బాగుందాండి, రెండోదా?" అని అడిగారు.

మామగారు పోయి చాలా ఏళ్ళయింది. నిద్రలోనే, పక్కవాళ్ళకి కూడా తెలియకుండా పోయారు. అంత సద్దు లేకుండా పోవడం ఆయనకి బొత్తిగా నప్పలేదనిపించింది నాకు. మొన్న మనవడు ప్లాస్టిక్ తుపాకీతో నన్ను కాల్చాడు. నాటకం నాటి ఆయన వయసు ఎప్పుడో దాటిపోయానన్న సంగతి మరిచి, నేను గుండె పట్టుకుని, గుమ్మాన్ని కావలించుకుని జారి, మోకాలు కలుక్కుమనడంతో మధ్యలోనే ఆగిపోయాను. వంటింట్లోంచి చూస్తున్న మా ఆవిడ, "లెండి లెండి. మా నాన్నగారిలా చావడం మీవల్ల ఎక్కడవుతుంది!" అని చెయ్యందించింది.