కాజాలమ్మ కుడికన్ను

ఆ దర్జీ కొట్టులో మిషను దర్జీది, చేతిపని ఆయన భార్యది. చొక్కాలకు కాజాలు తీయడం, హుక్కులు కుట్టడం, అంచులు మడవడం అన్నీ ఆవిడే. అందుకే వీధి వీధంతా ఆవిడను కాజాలమ్మ అనేవారు. ఎడమకన్ను చిన్నప్పుడే జబ్బు చేసి పోయింది. కుడికన్నుతోనే బతుకంతా నెట్టుకొచ్చింది. "మీ మొహం చూడ్డానికి ఒక్కటి చాలదూ? రెండైతే దండగ" అని మొగుణ్ణి ఆటపట్టించేది కూడా.

ఆ ఒక్క కంటికీ శుక్లం వచ్చింది. కాజాలు వంకర పోతున్నాయి. బేరాలవాళ్లు మొహం మీదే అనేస్తున్నారు. దగ్గర్లో ఉన్న చిన్న ఆస్పత్రిలో ఆపరేషన్లు చేస్తున్నారంటే, దర్జీ కొట్టు మూసేసి మరీ తీసుకెళ్లాడు. వరసగా కూర్చోబెట్టి, ఒకరి వెనక ఒకరిని లోపలికి పంపారు. మర్నాడు కట్టు విప్పగానే ఎదురుగోడ మీద పెచ్చులూడిన సున్నం కనిపించింది. పెచ్చులూడిన గోడను చూసి అంత మురిసిపోయిన మనిషి ఇంకొకరుండరు.

"కన్ను ముట్టుకోకూడదు. సూది జోలికి పోకూడదు. నొప్పి పుడితే మాత్రం వెంటనే రావాలి" అని నర్సమ్మ గట్టిగా చెప్పింది. దారి పొడవునా దర్జీ అదే పాట పాడాడు.

వింటుందా? ఇంటికొచ్చాక ఆయన అలా బజారుకెళ్లాడో లేదో, ఇలా నల్లకళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. సూది తీసింది. దారం కొస నోట్లో తడిపి, వేళ్లతో నులిమి, బెజ్జంలోకి తోసింది. మొదటిసారికే ఎక్కింది! ఎన్నాళ్లయిందో అలా ఎక్కి. ఆనందంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఎంగిలి వేళ్లతోనే కన్ను తుడిచేసుకుంది. తుడుచుకున్నాక గాని తెలివి రాలేదు. "అయ్యో, ఎంత పని చేశాను!" అని గుండెలు బాదుకుంది.

తెల్లారేసరికి కన్ను సలపడం మొదలైంది. చెబితే ఆయనేమంటాడు? చిలక్కి చెప్పినట్టు చెప్పానే అంటాడు. ఇంత తిప్పలుపడి చేయిస్తే చేతులారా పాడుచేసుకున్నావంటాడు. మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అందుకని నల్లద్దాలు తీయడం మానేసింది. చుక్కలమందు తనే వేసుకుంటానంది. "నొప్పేమైనా ఉందా?" అని ఆయన అడిగితే, "అబ్బే, కాస్త నీరు కారుతోందంతే" అనేది. పిచ్చిది! నాలుగు మాటలు పడితే ఏం అరిగిపోయేది?

చివరికి ఒక పొద్దున ఎదురుగా పెట్టిన గ్లాసు కోసం బల్లంతా తడుముకుంది. దర్జీ అద్దాలు లాగేశాడు. కన్ను ఎర్రటి ముద్దయిపోయి ఉంది. నల్లగుడ్డు మీద తెల్లగా చీము.

"ఎప్పట్నించే ఇది?"

ఆవిడ ఏడుస్తూ అంతా చెప్పేసింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. భుజం పట్టుకుని బస్సెక్కించి, పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు.

అక్కడి డాక్టరమ్మ చూసి, నిట్టూర్చింది. "చీము లోపలంతా పాకిపోయిందమ్మా. ఇక చూపు రాదు."

"నా పాపమేనమ్మా. ఎంగిలి చేత్తో తుడుచుకున్నాను" అంది కాజాలమ్మ.

"నీ చెయ్యి కాదమ్మా. ఆ రోజు ఆ చిన్న ఆస్పత్రిలో చేయించుకున్నవాళ్లు చాలామంది ఇదే బాధతో వచ్చారు. ఆపరేషనప్పుడు కంట్లో పోసిన మందునీళ్లే చెడిపోయాయి. నీ తప్పేం లేదు."

వార్డులో మంచం మీద కూర్చోబెట్టగానే పక్కనుంచి ఒక గొంతు పలకరించింది. ఆపరేషను రోజు వరసలో ఆవిడ పక్కనే కూర్చున్న, గాజులు అమ్ముకునే మనిషి.

"అక్కా, నువ్వూనా? నాకు సలుపు పుట్టీ పుట్టగానే మా కోడలు ఒకటే గోల. ఆ పూటే లాక్కొచ్చేసింది. కంట్లో సూదులు పొడిచారు తల్లీ, నరకమే. ఈ కంటికి మసగ్గానే ఉందనుకో, నీ చీర పచ్చదని మాత్రం తెలుస్తోంది."

కాజాలమ్మ చీర కొంగు చేతిలోకి తీసుకుని చాలాసేపు తడుముతూ ఉండిపోయింది. ఆ తర్వాత మొగుడు ఎటున్నాడో తెలియక గాల్లోకి చెయ్యి చాపింది.

"ఏమండీ, నా తప్పు కాదటండీ."

"ఊఁ."

"మొదటిరోజే చెప్పుంటే తిట్టేవారా?"

దర్జీ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"తిట్టేవాణ్నే. తిట్టుకుంటూ తీసుకొచ్చేవాణ్ని" అన్నాడు.