మార్తమ్మకు వెళ్ళిన మూడో మెమో

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, జనవరి నెలాఖరులో, ఫిన్లాండ్‌లో ప్రీస్కూళ్ళు చూసి రావడానికి మా శాఖ పంపిన బృందంలో నా పేరు కూడా వచ్చింది. అప్పటికి నేను కైకలూరు వైపు ఒక సెక్టారుకు సూపర్‌వైజర్‌ని. సెక్టారంటే పాతిక అంగన్‌వాడీ కేంద్రాలు. వాటికి వెళ్ళి రిజిస్టర్లు చూడడం, పిల్లల బరువులు సరిచూడడం, ఆటపాటలు సాగుతున్నాయో లేదో కనుక్కుని విజిట్ బుక్కులో రిమార్కు రాయడం నా పని. అంతకుముందు నేనూ చిన్నపిల్లలకు పాఠం చెప్పినదాన్నే కాబట్టి వాళ్ళ గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. శుభ్రం విషయంలో చాదస్తం కొంచెం ఎక్కువ. నేను వస్తున్నానంటే చాపలు కూడా సర్దుకుని కూర్చుంటాయని మా వర్కర్లు నా వెనకాల నవ్వుకునేవారట.

ప్రయాణానికి వారం ముందు కొల్లేటి లంకలోని ఒక కేంద్రానికి వెళ్ళాను. అక్కడి వర్కరు మార్తమ్మ. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఆయా పోస్టు ఖాళీగా ఉండడంతో వంటా, పాఠమూ, ఊడవడమూ అన్నీ ఆవిడే చేసుకునేది. నేను వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. ఆ వేళకి భోజనాలు ముగిసి పిల్లలు పడుకోవాలి. తీరా చూస్తే పదహారుమందీ చాప మీద కూర్చుని, ఉడికించిన గుడ్లు ఎవరికి వాళ్ళు ఒలుచుకుంటున్నారు. చాప నిండా పెంకులు, గౌన్ల మీద పచ్చసొన. ఒక పాప గుడ్డును గోడకేసి కొడుతోంది. ఇదేమిటని అడిగాను. "ఆళ్ళే ఒలుచుకుంటారండి. కొంచెం ఆలస్యమవుద్దండి, అంతే," అంది మార్తమ్మ.

నేను కూర్చోలేదు. నిలబడే రాశాను: భోజన వేళ పాటించడం లేదు, శుభ్రత లేదు, వర్కరు తన పని పిల్లల మీద వేస్తోంది. అలాంటి రిమార్కు ప్రాజెక్టు ఆఫీసుకు వెళితే ఆఫీసరు గారు మెమో ఇస్తారు, అంటే సంజాయిషీ అడిగే కాగితం. మార్తమ్మకు అప్పటికే రెండు మెమోలున్నాయి. రెండూ వానలకు దారి మునిగి కేంద్రం తెరవలేకపోయిన రోజులవి. మూడోదానికి సంజాయిషీ నచ్చకపోతే మా ప్రాజెక్టులో ఉద్యోగం తీసేసేవారు. ఆ సంగతి తెలిసే రాశాను.

ఫిన్లాండ్‌లో మేం మొదట చూసిన బడిలో పిల్లలు మంచులో ఆడుకోవడానికి తయారవుతున్నారు. నాలుగేళ్ళ పాప ఒకతి మందపాటి కోటుకు గుండీలు పెట్టుకోలేక తంటాలు పడుతోంది. మిగతా పిల్లలంతా తలుపు దగ్గర ఆగారు. టీచరు పక్కనే చిన్న కుర్చీలో కూర్చుని చూస్తోంది తప్ప చెయ్యి కదపదు. ఐదు నిమిషాలు ఓర్చుకున్నాను. మన ఇళ్ళల్లో పిల్ల అలా అవస్థ పడుతుంటే చూస్తూ ఊరుకునే ఆడది ఉంటుందా? వంగి చకచకా గుండీలు పెట్టేసి బుగ్గ పుణికాను. పాప నన్ను చూసింది, గుండీలు చూసుకుంది, ఏడుపు అందుకుంది. ఏడుస్తూనే నేను పెట్టినవన్నీ విప్పేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. తర్వాత మా దుభాషీ చెప్పాడు, ఆ పాప మూడు వారాలుగా ఆ పని మీదే ఉందట, ఆ రోజు ఆఖరి గుండీ దాకా వచ్చిందట. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఆ మధ్యాహ్నం పిల్లలకు ఉడికించిన బంగాళదుంపలు పొట్టుతో సహా పెట్టారు. వాళ్ళు ఒలుచుకుంటుంటే మా బృందమంతా మెచ్చుకుంటూ ఫోటోలు తీశాం. నేనూ తీశాను. తీస్తుంటే మార్తమ్మ చాప గుర్తొచ్చింది.

ఏలూరులో రైలు దిగిన మర్నాడే కైకలూరు బస్సెక్కాను. అక్కణ్ణుంచి చెరువు గట్ల మీదుగా ఆటో. కేంద్రంలో చాప తుడిచిపెట్టినట్టుంది. పిల్లలు చేతులు కట్టుకుని వరసగా కూర్చున్నారు. మార్తమ్మ ఒక్కొక్క గుడ్డే ఒలిచి కంచాల్లో పెడుతోంది. మెమో అప్పటికే వచ్చింది, సంజాయిషీకి నాలుగు రోజుల గడువుంది. మొన్న గోడకేసి గుడ్డు కొట్టిన పాప, కీర్తన, కంచంలో గుడ్డును ముట్టుకోలేదు. ఎందుకు తినడం లేదని అడిగాను.

"ఒలిచి పెడితే తినట్లేదండి. ఈళ్ళ అమ్మలు పొద్దున్నే రొయ్యల షెడ్డుకి పోతారండి, రోజంతా రొయ్యలు ఒలవడమే కదండీ. ఈళ్ళు సాయంత్రం ఇంటికెళ్ళి, అమ్మా, ఇయ్యాల నేనూ ఒలిచానని చెప్పుకుంటారండి. ఇప్పుడు చెప్పుకోడానికేం లేదు కదండీ," అంది మార్తమ్మ.

మిగిలిన గుడ్లు ఒలవకుండా ఇవ్వమన్నాను. ఆవిడ చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. "వద్దండి మేడం గారూ. మళ్ళీ రాసేత్తారండి," అంది మెల్లగా. చాప మీద కూర్చుని నేనే ఒక గుడ్డు తీసుకున్నాను. తొందరలో పెంకుతో పాటు సగం తెల్లసొన ఊడి వచ్చింది. కీర్తన కాసేపు ఓపిక పట్టి, "అలా కాదండీ టీచర్ గారూ, కింద నుంచండీ," అని నా చేతిలోంచి తీసుకుంది. ఆ చిట్టి బొటనవేలు పెంకు కింద పొరను ఎంత ఒడుపుగా పట్టుకుందో చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. భోజనాలకు నలభై నిమిషాలు పట్టింది. అందరూ తిన్నారు, కీర్తన కూడా.

విజిట్ బుక్కులో రాసిన రిమార్కు కొట్టివేయకూడదు. దాని కింద కొత్త తేదీతో మరొకటి రాయాలి. పై రిమార్కు పొరపాటని, పిల్లలు పని నేర్చుకునే వేళను నేను అశుభ్రత అనుకున్నానని, తప్పు తనిఖీ చేసిన మనిషిదేనని రాసి సంతకం పెట్టాను. అది చదివి ఆఫీసరు గారు, అయితే మెమో మీకు ఇవ్వాల్సి వస్తుందన్నారు. ఇవ్వమన్నాను. ఇచ్చారు. నా సర్వీసు మొత్తంలో అదొక్కటే. మార్తమ్మ మీద ఫైలు మూసేశారు. ఆ సంగతి చెబితే ఆవిడ అడిగింది ఒకటే: "అయితే రేపట్నుంచి గుడ్లు ఒలవకుండానే ఇచ్చెయ్యొచ్చాండీ?"

ఆ తర్వాత రెండేళ్ళూ ఏ కేంద్రానికి వెళ్ళినా భోజనాలయ్యేదాకా చాప మీద కూర్చుని, ఆఖర్న విజిట్ బుక్కు అడిగేదాన్ని. అలా చేస్తే రోజుకు మూడు కేంద్రాలు తిరిగేదాన్ని ఒక్కటే చూడగలిగేదాన్ని. ఎందుకు తగ్గాయని ఆఫీసులో అడిగితే ఉన్నమాటే చెప్పాను. అంతకుముందు రోజుకు మూడు చొప్పున చూశానని టూరు డైరీలో రాసుకున్న కేంద్రాల్లో నిజంగా చూసినవి ఎన్నో నాకు తెలియదు.